మా అమ్మ పేరు చెప్పి పంపిన మెయిల్

తెలుగు బ్లాగులు కొత్తగా వస్తున్న రోజుల్లో నేను ఉద్దానంలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా అక్క మొగుడికి పలాసలో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆదివారం అక్కను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఒకటి రాసేదాన్ని. జీడిపిక్కలు వలిస్తే వేళ్లు పొక్కడం, బారువ నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే బస్సు వాసన, మా బడి పిల్లల మాటలు, అంతే. బ్లాగు తెరిచి ఇచ్చింది బావే. పాస్‌వర్డూ ఆయన పెట్టిందే.

“ఒలే, సదివినోలు సదివీసి ఎలిపోతన్నారు. ఆల్ల మెయిల్లు పట్టుకోవాల,” అన్నాడొకసారి.

ఎక్కడినుంచో కోడ్ తెచ్చి బ్లాగులో అతికించాడు. పేజీ తెరవగానే పైనుంచి ఒక డబ్బా ఊడిపడి నా రాతనంతా కప్పేసింది. ఎర్ర అక్షరాలు, మిణుకు మిణుకుమనే బాణం గుర్తు, ‘మీ మెయిల్ ఇవ్వండి’ అని. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లయినా ఇవ్వకుండా గుమ్మంలోనే జేబులు తడిమినట్టనిపించింది. చూడగానే రోత పుట్టింది.

“ఇది తీసీ బావా.”

గొణుక్కుంటూనే దాన్ని తీసి, పేజీ పక్కన చిన్న గడి పెట్టాడు. దాని కింద నేనే టైపు చేశాను: ‘కొత్త రాత వచ్చినప్పుడు కబురు పంపడానికే. మీ మెయిల్ ఇంకెవరికీ ఇవ్వను.’

ఆ మాట నమ్మి కొందరు చేరారు. హైదరాబాదులో ఒక నర్సు, సూరత్ మిల్లుల్లో పనిచేసే మావైపు కుర్రాళ్లు, సరిహద్దులో ఉన్న ఒక జవాను. జవానుది అక్కుపల్లి పక్క ఊరు. ‘అక్కా, మీ ఎండుచేపల బస్సు ఇక్కడ మంచులోకి కూడా వచ్చింది’ అని రాశాడు.

తర్వాత మా అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. మావైపు ఆ మాటకు ఎవరూ ఆశ్చర్యపోరు. ఈసారి ఏ ఇంటి వంతని మాత్రం అడుగుతారు. డయాలసిస్‌కు రైల్లో విశాఖ తీసుకెళ్లేవాళ్లం. రోజంతటికీ తాగాల్సిన నీళ్లు ఒక స్టీలు చెంబులో కొలిచి పెట్టుకునేది. ఇంటి చుట్టూ కొబ్బరి తోట, కొబ్బరినీళ్లు మాత్రం ముట్టకూడదన్నాడు డాక్టరు. “ఓలమ్మ, సెట్టు పెంచినదాన్ని, గుక్కెడు తాగకూడదేటే?” అని చివరిదాకా అడిగింది.

అమ్మ పోయాక ఇదంతా బ్లాగులో రాశాను, పోయిందన్న ఒక్క మాట తప్ప. అది రాయడానికి చెయ్యి రాలేదు. ఆ వారం పక్కన గడిలో చాలా మెయిళ్లు వచ్చి చేరాయి. ఇలాంటి ఇళ్లు ఇన్నున్నాయా అనిపించింది. వాళ్లందరూ మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నట్టే ఉండేది.

కొన్ని నెలలకు జవాను నుంచి మెయిల్ వచ్చింది. ‘అక్కా, అమ్మగారు ఆ పొడి ఎన్నాళ్లు వాడారు? నాన్నకు తెప్పించాను. డయాలసిస్ మానేస్తానంటున్నాడు.’

ఏ పొడి? ఆ సంగతి ఏ మెయిల్లో చదివాడో దాన్ని నాకు పంపమన్నాను. పంపాడు. పైన నా బ్లాగు పేరు. లోపల నా మాటలే, నా చెంబే. ‘నీళ్లు కొలిచి తాగిన రోజులు పోయాయి. మా అమ్మ ఇప్పుడు రోజూ బొండం తాగుతోంది’ అని ఉంది. కింద కిడ్నీల పొడి, ఫోన్ నంబరు.

పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఇంకొకరే ఉన్నారు. కానీ ముందు ఆ ముసలాయన సంగతి చూడాలని అక్కుపల్లి వైపు బస్సెక్కాను.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచిపోయాయి. పక్కన పొడి డబ్బా, కొట్టిన బొండం. నేనెవరో చెప్పగానే మొహం విప్పారింది.

“రామ్మా, కూకో. మీయమ్మకి నయమైపోనాదంట గదా? మావోడు ఫోన్లో సదివి ఇనిపించినాడు.”

“మాయమ్మ సచ్చిపోయింది మావా. ఆ పొడి ఆవిడ కంటితో కూడా సూడలేదు. అది నాను రాసింది కాదు.”

“మరెవులు రాసినారు?”

“మా బావ.”

“ఇంటోడే?” అన్నాడాయన. డబ్బా వైపు చూసి, “థూ,” అని ఉమ్మేశాడు. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మధ్యాహ్నమే ఆమె, నేను కలిసి ఆయన్ని పలాస తీసుకొచ్చి విశాఖ రైలెక్కించాం. ఆమె తోడు వెళ్లింది.

స్టేషన్ నుంచి తిన్నగా సెంటర్‌కు వెళ్లాను. బావ జీడిపప్పు నములుతూ కూర్చున్నాడు.

“ఆ మెయిల్ నువ్వే పంపేవా?”

“ఆఁ. పొడి అమ్మేవోడు మనోడే. అన్ని మెయిల్లు ఊరికే పడున్నాయి గదా.”

“మాయమ్మ బతికుందని రాసేవు.”

“మరేటి, సచ్చిపోనాదంటే ఎవులు కొంతారే?” అని నవ్వాడు. “అచ్చం నీలాగే రాసేను, సూసేవా?”

మెచ్చుకుంటానని చూస్తున్నాడు. అమ్మ పాడె మోసింది ఈ మనిషే. ఆ నవ్వులో పళ్లకంటిన పప్పు ముద్ద కనిపించింది. బయటికెళ్లి కాలువలో కక్కుకున్నాను. తిరిగొచ్చేసరికి లోపలి గది గుమ్మంలో అక్క నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

“దాని పాస్‌వర్డ్ దానికిచ్చీ,” అంది మొగుడితో. నేనే పాస్‌వర్డ్ మార్చేశాను.

అక్కడే కూర్చుని అందరికీ రాశాను. అమ్మ పోయిందని, ఆ పొడికీ నాకూ సంబంధం లేదని, వైద్యం ఆపొద్దని. కొందరు ఓదార్చారు. ఒకడు అమ్మనా బూతులు తిట్టాడు, తిట్టడం న్యాయమే అనిపించింది. ఒకావిడ మాత్రం, ‘మీ బాధ అర్థమైంది మేడమ్. అయినా ఆ పొడి ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా?’ అని అడిగింది. దొంగతనం కన్నా ఇదే నన్ను ఎక్కువ కుంగదీసింది. వద్దని, విశాఖలో మేం వెళ్లిన ఆస్పత్రి వివరాలు రాసి పంపాను.

పేజీ పక్కనున్న గడి చెరిపేశాను. చేరినవాళ్ల మెయిళ్లన్నీ తీసేశాను. జవాను వాళ్ల నాన్న ఆ తర్వాత రెండేళ్లు విశాఖ రైలెక్కుతూనే బతికాడు. బావ పలాసలో దుకాణాలకూ కాలేజీలకూ వెబ్‌సైట్లు చేసిపెట్టి, ప్రతిదానిలోనూ ఆ ఊడిపడే డబ్బా తగిలించేవాడు. కంప్యూటర్ తెలిసిన మనిషని ఊళ్లో మర్యాద.

అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కు వెళ్లక తప్పలేదు. బంతిలో బావ స్వయంగా పప్పు గిన్నె పట్టుకుని నా విస్తరి ముందుకొచ్చి, “ఎయ్యమంతావేటి?” అన్నాడు. నేను విస్తరి మడిచి లేచాను. పక్కనున్నవాళ్లు ఏమైందని అడిగారు. ఆకలి లేదన్నాను.