ఉత్త కాడి

కీళ్ల జబ్బుకని ఆరేళ్లు స్టెరాయిడ్ మాత్రలు మింగాను. వాటిని మెల్లగా తగ్గిస్తున్న రోజుల్లో నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. మాత్రను గోటితో సగం చేయబోతే, బస్సు కుదుపుకు అది కాస్తా కింద పడిపోయింది.

"ఈ రోజుతో మొత్తం మానేస్తా," అన్నాను విసుగ్గా.

పక్క సీట్లో వక్క కత్తిరించుకుంటున్న పెద్దాయన చెయ్యి ఆపాడు. "ఏందిమ్మా ఆ మాత్ర?"

చెప్పాను. ఇన్నేళ్లూ మాత్రే పని చేయడంతో మూత్రపిండాల మీదుండే గ్రంథులు తమ పని మరిచిపోయాయని, ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు అన్నాడు. కానీ తగ్గించేకొద్దీ కమ్ముకొచ్చే ఈ నీరసం నావల్ల కావడం లేదు.

"మాకు మల్లిగాడని ఎద్దుండాది. మెడ పుండుపడి ఏడాది ఉత్తగా నిలబడినాడు. మళ్లా మడక కట్టేముందు, ఉత్త కాడి మెడమీద పెట్టి చేనిదాకా నడిపిచ్చుకోనొచ్చినా. పది దినాలైనాక ఒగ సాలు దున్నిచ్చినా. బేగా బేగా అంటే కూలబడతాడు గదమ్మా."

అడకత్తెరను తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, నా దగ్గర ఇంకో మాత్ర తీసుకుని, సరిగ్గా సగానికి కోసి అరచేతిలో పెట్టాడు. "ఏసుకో."

వేసుకున్నాను. ఆళ్లగడ్డలో బస్సు దిగి ఆయన జనంలో కలిసిపోయాడు, నేను పేరైనా అడగలేదు.

తర్వాత నీరసం కమ్మిన ప్రతి రోజూ "ఈ రోజు ఉత్త కాడే" అనుకునేదాన్ని.

మరుసటి ఏడాది రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు, గ్రంథులు మేలుకున్నాయి, ఇక మాత్ర అక్కర్లేదన్నాడు.

"మల్లిగాడు మడకకొచ్చాడండీ," అన్నాను.

మా ఇంట్లో ఎవరో అనుకుని, "సంతోషమమ్మా," అన్నాడాయన.