ఓబులమ్మక్కను చంపిన నవల

విత్తనానికి ఒలిచే ముందు శనక్కాయల మీద నీళ్లు చిలకరిస్తారు, తొక్క మెత్తబడుతుందని. ఈ ఉదయం నా పంచరు కొట్టు ఎదురింట్లో అదే పని. తడిసిన కాయల మట్టి వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు మాత్రం ఒక రచయిత మీద కోపం వస్తుంది. ఏళ్లు గడిచినా అది చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

ఏడో తరగతిలో నేను బడిని వదిలేశాను, ఇద్దరమూ బాధపడలేదు. పాతికేళ్ల వయసులో వానల్లేక, పనుల్లేక, శింగనమలలో ఒక షావుకారి కల్లంలో కాయలు ఒలవడానికి ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. వాళ్లకు పెద్ద ఓబులమ్మక్క. మొగుడు పోయి, కూతుర్ని హాస్టల్లో ఉంచి చదివిస్తున్న మనిషి. ఆమెకు అక్షరం రాదు, నవలంటే మాత్రం ప్రాణం. అక్కడ నాదే పెద్ద చదువు కాబట్టి పుస్తకం నా చేతిలో పెట్టింది. “నువ్వు సదువప్పా, నీ ఒలుపు మేం చూసుకుంటాం” అంది. నేను చదువుతుంటే తలా గుప్పెడు గింజలు నా చేటలో పడేవి. మధ్యలో నా జోకులు రెండు కలిపితే వెంటనే పట్టుకునేది. “ఇది ఆయప్ప మాట గాదు. ఆయప్ప ఇంత చౌకగా రాయడు.”

ఆయప్పంటే ఆమె అభిమాన రచయిత. కరువు మీద నవల రాస్తానంటూ ఒకసారి మా ఊరికే వచ్చాడు. ఓబులమ్మక్క రెండు రోజులు తన బతుకంతా చెప్పింది. మొగుడు చనిపోయిన ఏడాది పంట ఎండితే, చంటిబిడ్డను ఎత్తుకుని పనికి కర్ణాటక పోయి, తిరిగొచ్చి మళ్లీ విత్తనం వేసిన సంగతి. ఆయన నాలుగు రొట్టెలు, ఊరిబిండి పచ్చడి తిని, అంతా రాసుకుని పోయాడు.

నవల రాగానే డబ్బు పెట్టి కొనింది. “మనమంతా ఇన్నాక బిడ్డకు పంపియ్యాల” అంది. అందులో నాయిక పేరొక్కటే వేరు, తక్కినదంతా ఆమే. వారం రోజులు నేను చదువుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయింది. చివరి పేజీలు నేను ముందే చదువుకుని ఉన్నాను. ఆ పేజీలు రాగానే సొంతంగా మబ్బులు తెచ్చి, వాన కురిపించడం మొదలుపెట్టాను.

“సూరిగా, ఆయప్ప వాన రాసినాడా? నా మొగం చూసి చెప్పు.”

“లేదక్కా.”

“రాసింది రాసినట్టు సదువు.”

చదివాను. ఆ తల్లి బిడ్డను నిద్రపుచ్చి, చేనిలోని చింతచెట్టుకు ఉరేసుకుంది. కల్లంలో కాయల చప్పుడు ఆగిపోయింది.

“మా చేన్లో చింతచెట్టు యాడుండాదిరా?” అంది ఓబులమ్మక్క. ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. “నేను రొట్టెలు కాల్చి పెడితే తిన్నాడు గదా. సచ్చినోళ్లు కాలుస్తారా?”

“బతికిస్తే పుస్తకం బాగుండదనుకున్నాడేమో అక్కా.”

“బాగుండేదానికి నన్ను చంపుతాడా? రేపు నా బిడ్డ సదివి, మాయమ్మ నన్నిడిసి పోవాలనుకున్నాదా అని అడిగితే ఏం చెప్పేది?”

పుస్తకం దాచెయ్యమన్నాను. ఊరు చెప్పుకున్నాక బిడ్డకు తెలియకుండా ఉంటుందా అని కసిరింది. పెన్ను తియ్యమంది. చివరి ఖాళీ పేజీలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను: “నేను సావలేదు. సావాలని అనుకోనూలేదు. ఆ పొద్దున నిన్ను ఎత్తుకోని బస్సెక్కినాను. నువ్వు దారంతా ఏడ్చినావు.” నవ్వించే మాట ఒకటి కలపాలని నాకు తోచనే లేదు. ఆ పుస్తకమే బిడ్డకు పంపింది.

ఓబులమ్మక్క పోయిన ఏడాది ముసలితనంతో పోయింది, కూతురు పక్కనుండగా. మా కరువు మీద వచ్చిన పుస్తకాలు ఇప్పటికీ తెచ్చుకుని చదువుతాను. మనిషిని చంపిన పేజీ దగ్గర ఆగిపోతాను. మర్నాడు పొద్దున ఆమె ఏ బస్సెక్కిందో చెప్పమని రాసినవాడితో పోట్లాడతాను. కొట్టుకొచ్చినవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకుంటారు. అనుకోనీ.