వాకిట్లో మార్చిన హోస్ పైపు

పోయిన నెల హనుమకొండలో కారు సర్వీసింగుకు ఇచ్చి, ఏసీ గదిలో కూర్చోబుద్ధి కాక షెడ్డు వైపు నడిచాను. అక్కడ ఒక పాత వ్యాను కింద పెట్టిన బేసిన్‌లోకి ఎర్రటి నూనె బొట్టు బొట్టుగా కారుతోంది. కొంచెం తియ్యగా, కొంచెం మాడినట్టుగా ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు సకినాలు గుర్తొచ్చాయి. ఎవరికైనా చెబితే నవ్వుతారు, పవర్ స్టీరింగ్ ఆయిల్‌కూ పిండివంటకూ పొత్తేమిటని. పదేళ్ల వయసులో ఆ రెండు వాసనలనూ ఒకే రోజు ఒకే వాకిట్లో పీల్చాను కనుక వాటిని విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు. నా బండిలో కూడా ఈ ఆయిల్ మార్చాలా అని అడిగితే అక్కడి మెకానిక్, "మీ బండికి ఆ పైపులే లేవు మేడమ్, అంతా కరెంటు మోటరే" అన్నాడు.

మేము కాజీపేటలో ఉండేవాళ్లం. బాపుకు, అంటే మా నాన్నకు, ఒక తెల్లటి పెద్ద బండి ఉండేది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, పదిమంది పట్టేది. దాన్ని కిరాయిలకు నడిపేవాడు. డిసెంబరు వచ్చిందంటే మా వాడలో ఇంటింటికీ వెదురు బద్దలతో, రంగు కాగితాలతో చేసిన స్టార్లు వేలాడేవి, గోడలకు కొత్త సున్నం వాసన, పొద్దున వాకిట్లో చలిమంట, స్కూలు నుంచి రాగానే చర్చి కాంపౌండులో ఖోఖో ఆట, ఆడి ఆడి మోకాళ్లు గీరుకుని ఇంటికి వస్తే అమ్మ నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని పాత పంచె మీద చుట్లుచుట్లుగా సకినాలు పోస్తూ కనిపించేది. ఒక్కటి విరిగినా నాకే దక్కేది కనుక విరగాలని లోలోపల ప్రార్థన చేసేదాన్ని. బాపు మాత్రం పండుగ దగ్గరికి వచ్చేకొద్దీ ఇంట్లో కనిపించేవాడు కాదు. నెక్కొండ, తొర్రూరు, ఎక్కడెక్కడి చుట్టాల ఇళ్లకో జనాన్ని దింపి వచ్చేవాడు.

అంతకు రెండేళ్ల కిందట బండి పైన సామాను కడుతూ ఆయన కింద పడ్డాడు. ఎడమ భుజం విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది, కానీ చెయ్యి మళ్లీ చెయ్యి కాలేదు. మోచేతి కింద కాస్త పట్టు ఉండేది, గేరు వేయడానికి అది చాలు. పైకి ఎత్తి స్టీరింగు లాగాలంటే మాత్రం రాదు. పవర్ స్టీరింగు పుణ్యమా అని కుడి చేత్తోనే బండి తిప్పుకుంటూ వచ్చాడు. ఈ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కిరాయి బండ్ల అడ్డా మీద ఎవరూ ఆయన బండి ఎక్కరని భయం. ఇంట్లో అన్నం ఉడికేది ఆ బండి మీదే. అందుకే మనుషుల మధ్యకు వెళితే ఆ చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడేవాడు, అది ఆయన స్టైలు అని అందరూ అనుకునేవారు.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు పొద్దున్నే లేచి చూస్తే బండి కింద ఎర్రటి మడుగు. పవర్ స్టీరింగుకు నూనె అందించే హోస్ పైపు పగిలింది. మరునాడు మా చర్చి పెద్ద, రిటైరైన బడిపంతులు యాకోబు సారు కుటుంబాన్ని ఏటూరునాగారం తీసుకెళ్లాలి. వాళ్ల కూతురు అక్కడ ఉండేది, పండుగ అక్కడే చేద్దామని సారు, భార్య, నలుగురు మనుమలు మనుమరాళ్లు బయల్దేరుతున్నారు. మెకానిక్ ఖాజా మామ షెడ్డు ఫర్లాంగు దూరం కూడా ఉండదు. కానీ అక్కడికి తీసుకుపోవాలంటే పవర్ లేని స్టీరింగును తిప్పుకుంటూ నడపాలి, అది బాపు వల్ల కాదు. ఖాజా మామనే ఇంటికి పిలుద్దామంటే, ఇంత దగ్గర ఉండి బండి ఎందుకు తేలేదని అడుగుతాడు. బాపు చాలాసేపు అటూ ఇటూ తిరిగి, మనమే మార్చుకుందామన్నాడు.

అలా మొదలైంది మా ముగ్గురి మెకానిక్ పని. బాపు గోనెసంచి మీద పడుకుని చూసి, కింది నట్టు దగ్గరికి తన చెయ్యి పోదని, నా చెయ్యి పడుతుందని తేల్చాడు. పానా పట్టింది నేను, దాని తోకకు బలం పెట్టింది అమ్మ, ఎటు తిప్పాలో చెప్పింది బాపు. నట్టు కదిలేసరికి మిగిలిన నూనంతా అమ్మ మోచేతి మీదుగా కింద పెట్టిన బేసిన్‌లోకి కారింది. పాత పైపును పేపర్లో చుట్టుకుని ఆయన బస్సెక్కి వరంగల్ పోయి, అదే కొలత పైపు, ఒక డబ్బా ఆయిలు తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోపు అమ్మ బేసిన్‌లో పట్టిన పాత నూనెను, గారెల నూనె వడపోసినట్టే, సకినాలు పోసే పంచె కొస చింపి దానిలోంచి వడపోసి సీసాకెత్తి పెట్టింది. అది చూసి బాపు నెత్తి కొట్టుకున్నాడు. పారబోయడం ఆమె రక్తంలోనే లేదు. ఆ సీసా ఆ తర్వాత మా తలుపు బందులకు ఏళ్ల తరబడి పనికొచ్చింది లెండి.

కొత్త పైపు బిగించాక అందులోని గాలి పోవాలి. అందుకని బండి ముందరి టైర్లు రెండూ నేలకు తగలకుండా ఎత్తి, ఇంజన్ ఆపి, స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ఉండాలి. ఆ పని నాకు దొరికింది. దిండు వేసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. బాపు ఇంజన్ పక్కన కొత్త ఆయిలు పోసిన డబ్బాలో బుడగలు చూస్తూ కుడికి అంటే కుడికి, ఎడమకి అంటే ఎడమకి. గాలిలో ఉన్న టైర్లు నేను చెప్పినట్టు వినేవి. కదలని బండిలోనే ములుగు దాటాను, అడవి దాటాను, హారన్ కొట్టి అమ్మతో తిట్లు తిన్నాను. నా బాల్యంలో అంత గొప్పగా గడిచిన పూట ఇంకోటి లేదు.

బుడగలు ఆగాయి. టైర్లు దించి, ఇంజన్ వేసి, బాపు రెండు వేళ్లతో స్టీరింగు తిప్పి చూపించాడు. ఎంత సంతోషమో ఆ ముఖంలో. అప్పుడు అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"ఇంజన్ బంద్ చేసి ఒక్కసారి తిప్పు" అంది.

ఎందుకన్నాడు బాపు. "అడివి తొవ్వల మళ్ల పైపు పలిగితే? బండిల నలుగురు పోరగాండ్లు ఉంటరు" అంది అమ్మ.

బాపు ఇంజన్ ఆపాడు. కుడి చేత్తో పట్టి లాగాడు, ఎడమ చేతిని కూడా పైకి తెచ్చుకోవాలని చూశాడు. మెడ నరాలు తేలాయి. స్టీరింగు నాలుగు వేళ్ల మేర జరిగి ఆగిపోయింది. నాకు ఆయన్ను చూడబుద్ధి కాలేదు, జాలేసింది. పొద్దంతా తిప్పిన ధీమాతో, "నేను తిప్పుత జరుగు బాపూ" అని ఒళ్లోకి ఎక్కి రెండు చేతులతో లాగాను. నాకూ నాలుగు వేళ్ల మేరే కదిలింది. బాపు నా చేతుల వంక చూశాడు, తన చేతి వంక చూశాడు. తన బలమూ పదేళ్ల పిల్ల బలమూ ఒక్కటేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

సబ్బుతో చేతులు కడుక్కుని, అంగీ మార్చుకుని, నడుచుకుంటూ ఖాజా మామ షెడ్డుకు పోయాడు. దాచిందంతా చెప్పాడట. కాసేపటికి ఇద్దరూ కలిసి వచ్చారు. ఖాజా మామ బండి కింద దూరి మేము బిగించిన నట్లు ఒక్కొక్కటీ చూసి, "పని మంచిగనే చేసిన్రు. గని రెండేండ్ల సంది నాకు చెప్పకపోతివి గదన్నా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నాడంతే. మరునాడు బండి నడిపింది ఆయనే. బాపు పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన జనంతో ఉన్న బండి స్టీరింగు మళ్లీ పట్టలేదు.

ఒళ్లోకెక్కి ఆ మాట ఎందుకన్నానా అని నేను చాలా ఏళ్లు బాధపడ్డాను. సొంత కారు కొనుక్కుని, వెనక సీట్లో నా పిల్లలను కూర్చోబెట్టుకున్నాకే అమ్మ అడిగినదేమిటో, బాపు వదులుకున్నదేమిటో నాకు తెలిసింది. ఖాజా మామ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. మా వాకిలి రోడ్డులో కలిసిపోయింది. స్టార్లు ప్లాస్టిక్‌వి, సకినాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. బాపు పోయి ఆరేళ్లు.

ఈమధ్య ఒక పెళ్లిలో యాకోబు సారు మనుమరాలు నన్ను గుర్తుపట్టి పలకరించింది. చిన్నప్పటి ఏటూరునాగారం ప్రయాణం ఆమెకు బాగా జ్ఞాపకం ఉంది. బాపు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి దారంతా కథలు చెప్పాడట, సకినాలు పంచాడట.

"మీ బాపు ఎంత పెద్ద ఓనరో అనుకున్నం అక్కా. అంత మంచి బండి ఉండి, డ్రైవర్ను పెట్టుకొని, తను దర్జాగ కూసోని వచ్చిండు" అంది.

"ఔ, ఓనరే" అన్నాను.