సెలవులో ఉన్నవాడి కార్డు

సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీ పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో నేనొక కాంట్రాక్టు కంపెనీలో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. వెల్డర్లకి పరీక్ష పెట్టి, ఎవరు ఏ పనికి తగినవారో తేల్చి, కార్డు ఇవ్వడం నా ఉద్యోగం. మెట్లు, రెయిలింగులు వెల్డింగ్ చేసేవాడికి ఒక పరీక్ష, పైపులు చేసేవాడికి అంతకంటే చాలా కష్టమైనది మరొకటి.

ఒకరోజు ఎక్స్‌రేలో పైపు జాయింట్లు వరసగా ఫెయిలయ్యాయి. వాటి పక్కన వేసిన కార్డు నంబరు ఒక మంచి పైపు వెల్డర్‌ది. కాని అతను అప్పటికే సెలవు మీద ఇంటికి వెళ్లిపోయాడు! సైటుకి పరిగెత్తాను. అతని కార్డు మెడలో వేసుకుని, నేను రెయిలింగులకు మాత్రమే పాస్ చేసిన కరీంనగర్ మనిషి పైపు కింద పడుకుని వెల్డింగ్ చేస్తున్నాడు.

"ఈ కార్డు నీకెవరిచ్చారు?"

"ఫోర్‌మన్ ఇచ్చిండు సార్. పైపు పని నాకు రాదని చెప్పిన. నా మాట ఇంటలేడు. చెయ్యకుంటే పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టించి ఇంటికి తోలుతనన్నడు."

ఆ మధ్యాహ్నమే మేనేజరు మీటింగు పెట్టాడు. ఆయనది మా కోస్తా వైపే.

"వాడు చీటింగ్ చేశాడండీ. ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేద్దాం" అన్నాడు. ఫోర్‌మన్ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"రాదు మొర్రో అన్నవాడు చీటరెలా అవుతాడండీ? కార్డు తెచ్చి మెడలో వేసినవాణ్ణి అడగరేం?"

"కాస్త నెమ్మదిగా మాట్లాడండి. పైపు వెల్డర్లు దొరకట్లేదు. పని వెనకబడింది. మీకు తెలీందా?"

"తెలుసు. ఆ పైపుల్లో పారేది మంచినీళ్లు కాదనీ తెలుసు. పగిలితే పక్కన ఉండేది మీరూ నేనూ కాదు. అతన్ని పంపిస్తే జరిగిందంతా క్లయింటుకి చెబుతాను."

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గాని ఎగ్జిట్ మాట మళ్లీ ఎత్తలేదు. చెడిపోయిన జాయింట్లు కోయించి, పాసైన వెల్డర్లతో మళ్లీ చేయించాను. కరీంనగర్ మనిషి రెయిలింగుల పనికి తిరిగి వెళ్లాడు. అయినా వార్నింగ్ ఇచ్చింది అతనికే. ఫోర్‌మన్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. కొన్నాళ్లకి నన్ను దమ్మామ్ గోడౌనుకి మార్చారు, అక్కడ నా అవసరం ఉందట!

బయల్దేరేటప్పుడు అతను వ్యాను దగ్గరికొచ్చాడు.

"నా వల్లనే మీకు తిప్పలైంది సార్. మాఫ్ చెయ్యుండ్రి."

"నువ్వెందుకయ్యా మాఫీ అడగడం?" అని అరిచాను. పాపం, బిత్తరపోయాడు. ఆ అరుపు, అతనికి వార్నింగ్ ఇచ్చిన రోజు మేనేజరు గదిలో అరవాల్సింది.