పాత లారీకి తొలిపూత

వీధిలో ఉండే పురుషోత్తమన్ నాలుగిళ్ల వాళ్లను వెంటేసుకుని గొడవకు వచ్చిన రోజు మరగతం వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ అంతా చూసింది. ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబెట్టిన ఆ పాతకాలపు, ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన లారీని తీసేయాలనీ, మురుంగపాక్కం అంతటికీ అదొక్కటే దిష్టిబొమ్మ అనీ అతగాడు కేకలేశాడు. ఆమె తమ్ముడు వీరాసామి బీడీ ఆర్పి నిదానంగా అన్నాడు.

"నీ ఇంటి ఇటుకలన్నీ ఈ బండిలోనే తెచ్చి దించినాను, సామీ. అవి మళ్లా ఎక్కించు. ఇటుకలూ బండీ కలిపే తోలుకపోతాను."

వీధంతా నవ్వింది. పురుషోత్తమన్ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తమ్ముడు గెలిస్తే గెలిచాడు, ఒరిగిందేమిటని మరగతం విసుగు. ఏంబలం ఊరి చెరుకు, ఊళ్లో వాళ్ల ఇటుకలు, జనాల పెళ్లి సామాను మోస్తూ ఆ స్టీరింగు వెనకే ఒళ్లు అరగదీసుకున్నాడు. లారీ యజమాని కొడుకులు దాన్ని పాత ఇనుముకు వేస్తామంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచీ సుత్తి చప్పుడు, కిరసనాయిలు కంపు, ఆమె ఆరేసిన చీరల మీద తుప్పు పొడి. తాను రెండో పెళ్లి చేసుకున్నా ఇంత చాకిరీ ఉండేది కాదని ఆమె దెప్పేది. తన అల్లుడు గుణశేఖరన్ సారం పేట నుంచి సాయానికి వస్తే వీరాసామి చెయ్యి వేయనివ్వలేదు. తన బండికి రంగు తన చేత్తోనే పడాలన్నాడు.

పుదుచ్చేరి సముద్రపు గాలికి గీకిన ఇనుము ఒక్క రాత్రి ఆగదు, తెల్లారేసరికి ఎర్రబారుతుంది. అందుకే సాయంత్రంలోగా ఎంతమేర తుప్పు పట్టనివ్వని తొలిపూత వేయగలరో అంతే గీకుతారు. వీరాసామికి తెలియనిదా? అయినా ఒకరోజు పైకప్పుతో సహా కేబిన్ అంతా గరుకు ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించాడు. అసలే నొప్పిగా ఉన్న భుజం రేపటికి లేస్తుందో లేదోనని లోపల భయం. కంచంలో అన్నం ఆరిపోతోందని మరగతం పిలిచింది, తర్వాత తిట్టింది. వినలేదు.

పొద్దు వాలేసరికి తలుపులకు ఎర్రటి తొలిపూత అయింది. పైభాగానికి వచ్చేసరికి చెయ్యి చెవి దాకా లేవలేదు. ఎడమ చేత్తో కుడిచేతిని ఎత్తి చూశాడు, జారిపోయింది. ముందు చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. గుణశేఖరన్‌కు ఫోను చేస్తానని మరగతం అంటే తల అడ్డంగా ఊపాడు. గాలిలో అప్పుడే తేమ తగులుతోంది. నిలబడితే మోకాళ్లు లాగే ఆమె కూడా ఎదురుగా స్టూలు మీద కూర్చుండిపోయింది.

అతను బ్రష్షు పిడిని ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.

"ఆ స్టూలెక్కి పైభాగం నువ్వు పుయ్యక్కా. యాడ వదిలినావో నేను కింద నుంచి చెప్తా. నన్ను తిడతానే పుయ్యి, పరవాలేదు."