నూనె రాసుకున్న ఒక్కపొద్దు

కరోనా ఆంక్షలు ఎత్తేసి జైళ్లలోకి బయటివాళ్లను మళ్లీ రానిచ్చిన ఏడాది, శ్రమదినాలు మొదలైన వారంలో, మా మిషన్ ఆసుపత్రి నన్ను జైలు సేవకు ఇన్‌ఛార్జి సిస్టరుగా వేసింది. శ్రమదినాలంటే ఈస్టరుకు ముందు మేము ఉపవాస ప్రార్థనలు చేసుకునే రోజులు. నేను పుట్టింది కొత్తచెరువులో, పనిచేసింది అనంతపురంలో. రిటైరు కావడానికి ఇంకా కొంత కాలం ఉందనగా ఈ పని మీద పడింది. 'ఈ వయసులో నన్ను జైలుకు పంపుతారా' అని మేట్రనమ్మ మీద ఎగిరాను గానీ, లోపల సంతోషంగానే ఉండింది. వార్డులో కంటే అక్కడ మాట్లాడే మనుషులు ఎక్కువ దొరుకుతారని నా ఆశ.

మాకు అప్పగించింది జిల్లాలోని ఒక సబ్ జైలు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. సబ్ జైలులో ఉండేది ఎక్కువగా శిక్ష పడినవాళ్లు కాదు, రిమాండు ఖైదీలు. అంటే కేసు ఇంకా తేలనివాళ్లు. జైళ్ల శాఖ అనుమతితో మా చర్చి అక్కడ మూడు పనులు చేసేది. ఆదివారం ప్రార్థన, బుధవారం క్లినిక్, లాయరును పెట్టుకోలేనివాళ్లకు లాయరు. క్లినిక్ నాది. ప్రార్థన పాస్టర్ దేవదానం గారిది. ఆయన శింగనమల నుంచి మోటారు సైకిల్ మీద వచ్చేవారు. మనిషి బంగారం, ప్రసంగం మాత్రం పొడుగు. ఆయన మైకు పట్టుకున్నారంటే వంటగదిలో సాంబారు చల్లారాల్సిందే. అయినా మతంతో పని లేకుండా ఖైదీలందరూ వచ్చి కూర్చునేవారు. చివర్లో టీ, బన్ను ఇస్తామని నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారం పాస్టరు గారు ఉపవాసం గురించి చెప్పారు. మా సీమలో దాన్ని ఒక్కపొద్దు అంటాం. వేంకటేశ్వరస్వామికి ఉన్నా, రంజానుకు ఉన్నా, శ్రమదినాల్లో ఉన్నా మాకు మాట అదే. నేను వెనక బెంచీ మీద బుధవారం మందులు సర్దుకుంటూ సగమే విన్నాను.

బుధవారం క్లినిక్‌లో వరస చివర ఓబులేసు నిలబడ్డాడు. కణేకల్ వైపు రైతు, బక్కపలచని మనిషి. కాలువ నీళ్ల వంతు కాడ మాటా మాటా పెరిగి, పక్క పొలం వన్నూరప్పను పార కామతో, అంటే దాని కర్ర పిడితో, తల మీద కొట్టి లోపలికి వచ్చాడు. వన్నూరప్ప పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం నిలుస్తుందో లేదో డాక్టర్లు అప్పటికి గట్టిగా చెప్పలేకపోతున్నారు.

ఏం బాధ అని అడిగితే ఏమీ లేదన్నాడు.

"రవ్వంత నూనె ఉంటే ఇస్తావా సిస్టరమ్మా, తలకు?"

"ఇది క్లినిక్ అనుకున్నావా, మంగలి షాపు అనుకున్నావా?" అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అతను నవ్వాడే గానీ కదల్లేదు. సరే పోనీ అని, మంచాన పడ్డవాళ్ల వీపులకు రాసే కొబ్బరినూనె చిన్న సీసాలో పోసి ఇచ్చాను.

శనివారం పొద్దున్నే జైలు నుంచి ఫోను. వెంటనే రమ్మన్నారు, ఓబులేసు నిరాహార దీక్ష చేస్తున్నాడట.

సూపరింటెండెంటు మూర్తి గారు భీమవరం వైపు మనిషి, కొత్తగా వచ్చారు. శుభ్రమంటే ప్రాణం. చీమలు, ఎలుకలు చేరుతున్నాయని లాకప్ లోపలికి అన్నం పళ్లెం తీసుకుపోకూడదని వచ్చీరాగానే ఆర్డరు వేశారు. సబ్ జైలులో రాత్రి భోజనం పొద్దు ఉండగానే పెడతారు, పొద్దు గూకక ముందే లెక్క చూసి తాళాలు వేస్తారు. తినేదేదో తాళం పడకముందే, లాకప్ బయటే తినాలి. ఓబులేసు పొద్దున టిఫిను వద్దన్నాడు, మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు, సాయంత్రమూ వద్దన్నాడు. గురువారం నుంచి వరసగా అలాగే చేస్తున్నాడు. నీళ్లు మాత్రం తాగుతున్నాడు. ఎందుకయ్యా అంటే నవ్వుతున్నాడు తప్ప జవాబు లేదు.

జైలులో తిండి మానడం చిన్న విషయం కాదు. కారణం చెప్పకుండా మానితే అది జైలు క్రమశిక్షణ తప్పినట్టే. సూపరింటెండెంటు పైకి రిపోర్టు రాయాలి. డాక్టరు చూసి సర్టిఫై చేయాలి. మనిషి నీరసిస్తే ముక్కులోంచి ట్యూబు వేసి తాగించాలి. ఆపైన, వైద్య సదుపాయం లేని సబ్ జైలులో అలాంటివాణ్ని ఉంచరు, జిల్లా దాటించి సెంట్రల్ జైలుకు మారుస్తారు. ఓబులేసుకు చూపు సరిగా ఆనని ముసలి తల్లి ఉంది. వారం వారం ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని బస్సెక్కి ములాఖత్‌కు వచ్చేది ఆమె ఒక్కతే. అంత దూరం ఆమె రాలేదు. పైగా మా లాయరు వేసిన బెయిలు పిటిషను సోమవారం కోర్టుకు వస్తోంది. దీక్ష చేసి జైలును ఇబ్బంది పెట్టాడన్న రిపోర్టు ముందే కోర్టు చేరితే ఇక ఆ పిటిషను మీద ఆశ వదులుకోవాల్సిందే.

"మధ్యాహ్నానికి రిపోర్టు పంపెయ్యాలండీ. రేపు పొద్దున్న డాక్టరు గారు వస్తారు, ఈలోగా మీరు బీపీ, పల్సు చూసి ఉంచండి. ఎవరో దొంగతనంగా పెడుతున్నారని నా అనుమానం. తిండి లేనివాడు అలా నిగనిగలాడతాడేంటండీ?" అన్నారు మూర్తి గారు.

ఓబులేసును తీసుకొచ్చారు. చూస్తే నిజమే, పెళ్లికొడుకులా ఉన్నాడు. మొహం తళతళా కడుక్కున్నాడు, జుట్టు నున్నగా దువ్వుకున్నాడు, నుదుటి మీదికి నూనె కారుతోంది. బరువు చూస్తే తగ్గాడు. మూత్రంలో స్ట్రిప్పు ముంచితే రంగు మారింది. ఒళ్లు తిండి లేక దాచుకున్న కొవ్వును కరిగించుకుంటోందని దానర్థం. అంటే దొంగతిండి మాట అబద్ధం. నిజంగానే తినడం లేదు.

"ఎందుకు తినవు రా?" అని కసిరాను. నేల చూపులు చూశాడు. కోపం ఏమైనా ఉందా, ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదని తల ఊపాడు. ఆ ఊపుకు నూనె చుక్క ఒకటి నా తెల్ల యూనిఫారం మీద పడింది.

దాన్ని తుడుచుకుంటూ ఉంటే తట్టింది. ఆదివారం సగం విన్న ప్రసంగంలో మిగతా సగం! ఒక్కపొద్దు ఉన్నవాడు మొహం వేలాడేసుకుని ఊరంతా చాటుకోకూడదు, మొహం కడుక్కుని తలకు నూనె రాసుకుని మామూలుగా ఉండాలి, తాను తినలేదన్న సంగతి దేవునికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. దేవదానం గారు దీన్నే తిప్పి తిప్పి చెప్పారు. వింటున్నవాళ్లలో చాలామంది బన్ను వైపు చూస్తుంటే, ఈ మహానుభావుడు ఒక్క ముక్క వదలకుండా విన్నాడు!

మూర్తి గారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మినా లాభం లేదన్నారు. మతపరమైన ఉపవాసానికి జైలులో అనుమతి ఉంది, కానీ ఖైదీ ముందుగా తన నోటితో చెప్పి అడగాలి. "మీ ఊహ మీద నేనెలా రాస్తానండీ? వాణ్ని చెప్పమనండి" అన్నారు. ఆయన మాటా న్యాయమే. ఓబులేసును మళ్లీ అడిగాను, బతిమాలాను, తిట్టాను. పెదవి విప్పలేదు. తెలిస్తే ఒక్కపొద్దు చెడిపోతుందని వాడి భయం. నాకు ఒళ్లు మండిపోయి పాస్టరు గారికి ఫోను చేశాను. మీరు పెట్టిన చిచ్చు మీరే వచ్చి ఆర్పండి అన్నాను.

ఆయన హెల్మెట్ తీయకుండానే ఆఫీసు గదిలోకి వచ్చారు. మూర్తి గారు కుర్చీలో, రాయబోయే రిపోర్టు ముందర. హెడ్ వార్డరు మస్తాన్ తలుపు దగ్గర. ఓబులేసు మధ్యలో. దేవదానం గారు మెత్తగా, "చెప్పు నాయనా, సారుకు చెప్పు. ఎందుకు తినడం లేదు?" అని అడిగారు.

ఓబులేసు పాస్టరు గారిని చూశాడు, సూపరింటెండెంటు గారిని చూశాడు. ఇన్నాళ్లు నవ్వుతున్న మనిషికి ఒక్కసారిగా కోపం వచ్చింది.

"ఏమయ్యగారూ, ఎవురికీ సెప్పొద్దని నువ్వేగదా సెప్పింది! ఇప్పుడు సారు ముందర సెప్పమంటే ఎట్ల? ఇన్ని దినాలు కడుపు మాడ్సుకుంటి, నా ఒక్కపొద్దు సెడిపోదా?"

అని, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముందు నవ్వింది మూర్తి గారే. ఆయన అంత గట్టిగా నవ్వగలరని ఆ జైలులో ఎవరికీ తెలియదు. తర్వాత మస్తాన్, తర్వాత నేను. పాస్టరు గారు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచక, చివరికి ఆయనా నవ్వేశారు. ఓబులేసు ఒక్కడే ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

నవ్వులు ఆగాక మూర్తి గారు అడిగారు. ఒక్కపొద్దు అంటే ఒక పూట తినొచ్చు కదా, రాత్రి ఎందుకు తినడం లేదు? పొద్దు గూకినాక తినల్ల సార్ అన్నాడు ఓబులేసు. పొద్దు గూకేసరికి తాళం పడుతోంది, లోపలికి పళ్లెం పోనివ్వడం లేదు. మూర్తి గారు ఒక్క క్షణం తన ఆర్డరు అంటించిన గోడ వైపు చూశారు.

"ఇంతకీ ఎవరి కోసమయ్యా?"

"వన్నూరప్ప కోసరం సార్. వాడు బతకల్లని."

మస్తాన్ ఊరుకుంటాడా. "వాడు సస్తే నీది మర్డరు కేసయితాదని భయమేమప్పా?" అన్నాడు.

"అదీ ఉండాది అన్నా, లేదంటే అబద్ధమైతాది. కానీ సిన్నప్పట్నుంచి ఒకే తూము కాడ నీళ్లు కట్టినోళ్లం. వాని పిల్లోళ్లు నన్ను సిన్నాయనా అంటారు. వాడు పోతే నేను యాడికి పోయి మొగం సూపించుకోల్ల? రెండూ ఉండాయి."

రోజూ ప్రార్థన చేసుకునే దాన్నే నేను, కానీ నా ప్రార్థనలో నా లాభం ఎంత, పక్కవాడి లాభం ఎంత అని అంత సూటిగా ఎప్పుడూ విడదీసి చెప్పలేదు.

రిపోర్టు పోలేదు. రంజానులో ముస్లిం ఖైదీలకు ఇచ్చినట్టే ఇద్దాం సార్ అని మస్తాన్ పద్ధతి చెప్పాడు. ఒక్కపొద్దు ఉండేవాళ్లకు మూత ఉన్న గిన్నెలో అన్నం లోపలికి పంపేలా ఆర్డరు మార్చారు మూర్తి గారు. తినగానే గిన్నె కడగాలన్న షరతు మాత్రం వదల్లేదు. నేను నా షరతు పెట్టాను. నీళ్లు బాగా తాగాలి, కళ్లు తిరిగితే దాచకుండా చెప్పాలి, దేవునికీ నాకూ మధ్య రహస్యాలు ఉండకూడదు. పాస్టరు గారు వాడి తల మీద చెయ్యి పెట్టి, నీ ఒక్కపొద్దు చెడిపోలేదని మాట ఇచ్చారు. చెయ్యి తీశాక జేబురుమాలు వెతుక్కున్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నేను పెద్దాసుపత్రికి పోయాను. కేసు సంగతి మనం ఎత్తకూడదు, అది లాయర్ల పని. రోగిని పలకరించడానికి మాత్రం నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వన్నూరప్ప తలకు కట్టుతో దిండుకు ఆనుకుని కూర్చుని, వాళ్ల భార్య తాగిస్తున్న గంజి తాగుతున్నాడు. గండం గడిచిందట. జైలు సిస్టరునని తెలిసి అతనే అడిగాడు, వాడెట్లుండాడని. నీ కోసం ఒక్కపొద్దు ఉన్నాడని చెప్పాను. అతను గంజి గ్లాసు పక్కన పెట్టాడు.

"తినమని సెప్పు సిస్టరమ్మా వాన్ని. నేను లేసేదాకా నా మడికి నీళ్లు కట్టేదానికి వానికి సత్తువ ఉండొద్దా?"

ఆ మాట జైలుకు చేరేసినప్పుడు ఓబులేసు ఏడ్చాడు, వెంటనే టిఫిను అడిగాడు. సోమవారం బెయిలు వచ్చింది. జామీనుకు వాళ్ల ఊరివాళ్లే నిలబడ్డారు. వన్నూరప్ప మంచం దిగేదాకా రెండు పొలాలకూ ఓబులేసే నీళ్లు కట్టాడని వాళ్లమ్మ తర్వాత మా ఆసుపత్రికి కంటి ఆపరేషనుకు వచ్చినప్పుడు చెప్పింది. కేసు మాత్రం దాని దారిన అది నడిచి, చివరికి ఇద్దరూ రాజీ పడ్డారు.

అప్పటి నుంచి దేవదానం గారు జైలులో ఆ ప్రసంగం చేసినప్పుడల్లా చివర ఒక మాట కలుపుతున్నారు. ఎవరికీ చెప్పొద్దు, సూపరింటెండెంటు గారికీ సిస్టరమ్మకూ తప్ప.

నేను రిటైరయ్యాక, జైలు సేవలో చేరే కొత్త సిస్టర్లకు ఒక పూట పాఠం చెప్పమని మేట్రనమ్మ ఇప్పటికీ పిలుస్తుంది. బీపీ, పల్సు, ట్యూబు వేసే పద్ధతి వాళ్లకు ముందే వచ్చు. నేను చెప్పేది ఒక్కటే. తిననన్న మనిషి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎందుకు తినవని గద్దించకండి, ఎవరి కోసం తినడం లేదని అడగండి. జవాబు రాకపోతే, ట్యూబు వేసే ముందు తలకు నూనె ఉందేమో చూడండి.