క్రేను కింది చెయ్యి, చెరువు మీది పిట్ట

ఫ్యాక్టరీలో క్రేనుకి కింద నుంచి చేతులతో సంజ్ఞలిచ్చే సిగ్నలాయన ఆరోజు ఆపమనే చెయ్యెత్తాడు. అరచెయ్యి ఎదుటికి, వేళ్లు దగ్గరగా, మోచెయ్యి వంచకుండా. క్రేను ఆగలేదు. కొక్కేనికి వేలాడుతున్న ఇనుప రేకుల కట్ట నింపాదిగా దిగి తూకాల గది కప్పు మీద కూర్చుంది. కప్పు దాంతోపాటు కూర్చుంది. లోపలుండాల్సిన గుమాస్తా టీకి వెళ్లి బతికిపోయాడు. ఎవరైనా పోయి ఉంటే యంత్రానిది తప్పయ్యేది. ఎవరూ పోలేదు గనక మనిషిది కావలసి వచ్చింది.

విచారణలో క్రేను నడిపినవాణ్ణి పిలిచారు. అతను సిగ్నలాయనకు స్వయానా బామ్మర్ది, భార్య తమ్ముడు. "బావ దించమన్నాడు, దించాను," అన్నాడు నేలచూపులు చూస్తూ. సిగ్నలాయన ఉద్యోగం ఊడింది. బామ్మర్దికి ఇంకా పెద్ద క్రేను ఇచ్చారు.

ఇంటికొచ్చి చెబితే భార్య నమ్మలేదు.

"మా తమ్ముడు అబద్ధమాడడు."

"అయితే నేనాడతానా?"

"మీరు ఆడరు. మర్చిపోతారు. మొన్న గొడుగు ఎక్కడ వదిలేశారో ఇప్పటికీ చెప్పలేదు."

గొడుగు పోగొట్టుకున్నవాడు చెయ్యి ఎటు ఎత్తాడో ఏం గుర్తుంచుకుంటాడు? ఆమె లెక్క అది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆయన మాటకు రెండో సాక్షి కావలసి వచ్చేది. వర్షం పడుతోందని చెప్పినా ఆమె కిటికీ తీసి చూసుకునేది. ఉద్యోగం తిరిగి రాదని సిగ్నలాయనకు తెలుసు. ఆయనకు కావలసింది ఒక్క మాటే. తాను ఆపమన్నాడన్న మాట భార్య చెవిన పడాలి, అదీ ఆమె తమ్ముడి నోటి నుంచే. బామ్మర్దితో మాట్లాడడం మాత్రం మానేశాడు. పెద్ద దుకాణం ముందు కార్లు నిలిపే చోట పని దొరికింది. అక్కడా చేతులూపడమే. తేడా ఏమిటంటే అక్కడ ఎవరూ ఆయన వైపు చూసేవారు కాదు.

కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. గోతుల్లోని నల్లబురద ఎత్తిపొయ్యాలంటే ఖర్చని దాని మీద ప్లాస్టిక్ పట్టా పరిచారు, మట్టి పోశారు, గడ్డి నాటారు, గేటుకి 'ప్రకృతి వనం' అని బోర్డు తగిలించారు. చెత్తను చాప కిందికి తోసే పద్ధతే. చాప పెద్దది, అంతే. యంత్రాలు చల్లార్చిన నీళ్ల గుంట చెరువని పేరు మార్చుకుంది. దాని పూర్వచరిత్ర పిట్టలకు ఎవరూ చెప్పలేదు గనక అవి వచ్చాయి.

సిగ్నలాయన కూడా వచ్చాడు. మొదటి షిఫ్టు వేళకి మెలకువ రావడం ఇంకా పోలేదు. అక్కడ రిటైరైన టీచరమ్మ ఒకావిడ కొంతమందిని వెంటేసుకుని పిట్టల్ని చూపించేది. ఆమె పెట్టిన షరతు ఒకటే, నోరు మెదపకూడదు. పక్కనున్నవాడి కేక కూడా వినపడని చోట బతుకంతా పనిచేసిన మనిషికి అదొక షరతా? నీళ్లలో బుడుబుంగ పిట్ట కనబడగానే ఆయన చెయ్యి దానంతటదే లేచింది. వేలు కిందికి తిప్పాడంటే మునిగింది. పైకి తిప్పాడంటే తేలింది. బొటనవేలు ఎటు చాపితే అటు పోతోంది. వారం తిరక్కుండా అందరూ పిట్టను వదిలేసి ఆయన చేతినే చూడసాగారు.

అలాంటి చోటికి, రోజూ నడవకపోతే గుండె నిలబడదని డాక్టరు బెదిరిస్తే, బామ్మర్ది వచ్చాడు. వచ్చి, బావను చూసి, వెనక్కి తిరగబోయాడు. టీచరమ్మ పోనివ్వలేదు. బలమైన మనిషి దొరికాడు కదా అని టెలిస్కోపు మోయించి, దాన్ని తిప్పే పని కూడా అప్పజెప్పింది.

సిగ్నలాయన చెరువుకి అవతలి గట్టున నిలబడేవాడు, రెల్లు పొదల్లో ఏముందో అక్కడి నుంచే కనిపిస్తుంది గనక. ఇవతల బామ్మర్ది టెలిస్కోపు పట్టుకునేవాడు. ఎడమకి, కొంచెం కిందికి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, ఆపు. అరచెయ్యి లేచిందో లేదో టెలిస్కోపు బిగుసుకుపోయేది. గుండ్రటి అద్దం మధ్యలో లకుముకి పిట్ట ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉండేది. ఒకరితో ఒకరు మాట్లాడని ఇద్దరూ ఆ శీతాకాలమంతా ఒక్క పిట్టను కూడా తప్పిపోనివ్వలేదు.

ఒక ఉదయం టీచరమ్మ ముచ్చటపడింది.

"మీ ఇద్దరికీ భలే కుదిరిందండీ. మీ చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పదు!"

"తప్పు చెప్పిందనే కదమ్మా నన్ను ఉద్యోగంలోంచి తీసేసింది," అన్నాడు సిగ్నలాయన.

"అయ్యో, ఎవరన్నారు అలా?"

ఆయన చూపుడువేలు బామ్మర్ది వైపు చాపాడు. అది క్రేను సంజ్ఞల్లో లేనిదే అయినా అందరికీ అర్థమైంది. బామ్మర్ది టెలిస్కోపు మూత కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. మూత చేతిలోనే ఉంది.

"సాయంత్రం ఇంటికొస్తాను బావా," అన్నాడు చివరికి. అన్నేళ్లలో అదే మొదటి మాట.

ఆ సాయంత్రం తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదు. బామ్మర్ది కూతురి ఊరికి వెళ్లిపోయాడు, అక్కడే పోయాడు. కానీ మాట ప్రకారం ఆ సాయంత్రం మాత్రం వచ్చాడు. చెప్పులు విప్పి, కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా పట్టుకున్నాడు.

"అక్కా, ఆరోజు బావ ఆపమనే చెయ్యెత్తాడు. నేనే చూళ్లేదు."

"చూడనివాడివి దించమన్నాడని ఎలా చెప్పావురా?"

"చూళ్లేదంటే నా ఉద్యోగం పోయేది. బావకైతే ఇంకోటి దొరుకుతుందిలే అనుకున్నా."

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"మరి మీరు గట్టిగా చెప్పొచ్చు కదా?"

"చెప్పాను."

"అదా గట్టిగా చెప్పడం? నేను కదా నమ్మాల్సింది!" అని, కోపం ఎవరి మీద పడాలో తేలక మళ్లీ తమ్ముడి మీదికే వెళ్లింది. "కళ్లెదురుగా అంత మనిషి చెయ్యెత్తి నిలబడితే, చూడకుండా ఏం చేస్తున్నావురా నువ్వు?"

బామ్మర్ది గ్లాసు కింద పెట్టాడు.

"క్రేను దూలం మీద ఏదో పిట్ట గూడు పెడుతోందక్కా. ముక్కున ఇంత తీగముక్క కరుచుకొచ్చింది. అది పట్టదు, పడిపోతుంది, మళ్లీ తెస్తుంది. దాన్నే చూస్తూ ఉండిపోయా."

సిగ్నలాయన తన కుర్చీని ముందుకి లాక్కున్నాడు.

"ఏం పిట్టరా అది?" అన్నాడు.